బైబిలు సంచిలో ఇడ్లీ డబ్బా

ఫిబ్రవరి 18, బుధవారం

ఉపవాసం మొదలైంది. పగలంతా మంచినీళ్లు, పొద్దుగూకినాక ఒక్కపూట అన్నం. ఈస్టరు దాకా ఇంతే. మా చర్చిలో శ్రమకాలం నలభై రోజులూ తప్పకుండా పట్టేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో మొదటి వేలు నేనే. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్న మాట. పోయినేడు అయ్యగారు ప్రసంగంలో "మన రూతును చూడండి" అని నా పేరు తీశారు. మర్నాడు మా ఆయన సుందర్ రావు మోటారు వైండింగు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ, కాలిన మోటారు సంగతి తర్వాత, ముందు ఈ సంగతి చెప్పాడట.

ఈసారి నా ప్రార్థన ఒక్కటే. మా అమ్మాయి మౌనిక కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల్లో, అదే ఈవెంట్స్‌లో గట్టెక్కాలి. రాతపరీక్ష దాటింది. లాంగ్ జంపు, షాట్ పుట్ దానికి నల్లేరు మీద బండి నడక. ఎనిమిది వందల మీటర్ల పరుగు ఒక్కటే గండం. పోయినసారి లైన్లో నిలబడి బ్రెడ్డు, అరటిపండ్లు, పాలు గబగబా మింగి ఉరికింది. ఆఖరి మలుపులో అన్నీ ట్రాకు మీద కక్కేసింది. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పిల్ల పరుగు ఒకటి, సలహాలు వంద. కోచింగు సారు రమాకాంత్ ఖాళీ కడుపుతో ఉరకమంటాడు. దాని దోస్తు సింధు గుడ్లు తినమంటుంది. ఎదురింటి యాకమ్మ ఏమో "జొన్న గట్క తాగి ఉరుకమను బిడ్డను, ఎందుకు ఉరుకదో నేను చూస్త" అంటుంది. మా ఆయనది ఒకటే మాట. "కడుపునిండ తిననియ్యి. తినకుంటె ఏం ఉరుకుతది?"

మౌనిక అందరి మాటా వింటుంది. ఒకరోజు ఇది, ఒకరోజు అది. ఒక్క పొద్దు పరుగు పాడైతే మూడు రోజులు మొహం మాడ్చుకుంటుంది. ఇట్లా పరీక్షలు చేస్తూ పోతే ఈవెంట్స్ నాటికి దానికి కాళ్లుంటాయిగాని ధైర్యం ఉండదు.

సాయంత్రం ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండగానే నాకు తోచింది. మొహం, రంగు, పొడుగు అన్నీ తండ్రివే అయినా దాని కడుపు మాత్రం నా పోలిక. ఇద్దరమూ బస్సెక్కితే చాలు, హన్మకొండ దాటకముందే కవరు వెతుక్కుంటాం. పులుపు ఎక్కువైతే ఇద్దరికీ ఒకేసారి ఛాతీలో మంట. మరి దాని కడుపు మీద ప్రయోగాలు ఎందుకు? నా కడుపు ఉంది కదా.

ఇది దేవుడిచ్చిన ఆలోచనే. కాకపోతే మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఎందుకొస్తుంది?

ఫిబ్రవరి 23, సోమవారం

మొదలుపెట్టేశాను.

పెద్ద మసీదు మైకులో సహర్ వేళ, తెల్లవారకముందు తినే వేళ, అని పిలిచేసరికి లేచాను. ఈ ఏడు వాళ్ల రంజానూ మా శ్రమకాలమూ ఒక్కసారే వచ్చాయి, అలారం పెట్టుకునే పనిలేదు. మా ఆయనకు ఖిలాకు, పాత కోటకు, పోయి ఏకాంత ప్రార్థన చేసుకుంటానని చెప్పాను. ఆయన చాలా సంతోషపడ్డాడు. పంజాబీ డ్రెస్సు, మౌనిక పాత బూట్లు, ముందు గుడ్డ కుక్కితే సరిపోయాయి. బైబిలు సంచిలో బైబిలు, దాని పక్కన బ్రెడ్డు, అరటిపండ్లు, సీసాలో పాలు.

ఇది తినడం కాదు. వంటావిడ కూర ఉప్పు చూస్తే భోంచేసినట్టా? ఇదీ అంతే. కాస్త పెద్ద ఉప్పు.

ఖిలాలో రాతి తోరణాల అవతల, ఎవరూ రాని వైపు గడ్డి మీద కూర్చుని తిన్నాను. పాపపు భయమో ఏమో అరటిపండు భలే తియ్యగా ఉంది. అరగంట ఆగి ఉరికాను. బస్సు కోసం తప్ప పెళ్లయినాక నేను ఉరికింది లేదు. కోట గోడ వెంట సగం దూరం పోకముందే పాలు గొంతు దాకా వచ్చాయి. చెట్టు పట్టుకుని వంగిపోయాను. మౌనికకు పోయినసారి ఏమైందో నాకు ఇప్పుడు తెలిసింది. పాపం పిల్ల, దాన్ని నేను "గుండె గట్టిది కాదు" అన్నాను.

పాలు వద్దు. అరగంట చాలదు. ఒక్కరోజులోనే రెండు సంగతులు తేలాయి.

ఫిబ్రవరి 24, మంగళవారం

నడుం పట్టేసింది. మోకాళ్ల ప్రార్థన ఎక్కువైనట్టుందన్నాడు మా ఆయన. ఔనన్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఉప్మా. గంట ఆగాను. కడుపులో రుబ్బురోలు పెట్టుకుని ఉరికినట్టుంది. పైగా జీడిపప్పు కూడా వేసుకున్నాను, అది పరీక్షకు అవసరమా అని నన్ను నేను అడగలేదు.

ఇంటికి ఆలస్యంగా వచ్చాను. "రెండు గంటలు ప్రార్థన చేసినవా?" అని అడిగాడు మా ఆయన. మోషే నలభై దినాలు కొండ మీద ఉన్నాడు, నేను రెండు గంటలు ఖిలాలో ఉంటే ఎక్కువా అన్నాను. ఆయన వెంటనే నాకు కుర్చీ జరిపాడు.

మార్చి 2, సోమవారం

రమాకాంత్ సారు మాట ప్రకారం ఖాళీ కడుపు. ట్రాకు చుట్టంత ఒక రౌండు బాగానే అయింది, రెండోదానికి కళ్ల ముందు చీకట్లు. వాకింగుకు వచ్చిన పెద్దాయనెవరో పరుగున వచ్చి "ఏమమ్మా, షుగరున్నదా?" అని అడిగాడు. లేదన్నాను, అయినా ఆయనిచ్చిన బిస్కెట్లు తిన్నాను. సారుది సారు కడుపు, మాది మా కడుపు.

విచిత్రం ఏమిటంటే, ఈ ఒక్కరోజే నేను నిజంగా ఉపవాసంతో ఖిలాకు పోయాను, ఈ ఒక్కరోజే అందరి ముందూ కూలబడ్డాను. దీనికి అర్థం వెతకదలచుకోలేదు.

మార్చి 4, బుధవారం

గుడ్లు. వద్దు. ఇంకేమీ రాయను.

మార్చి 6, శుక్రవారం

ఉపవాస ప్రార్థనకు పోయాను. పావుగంట ముందే పోయి ముందు చాప మీద కూర్చోవడం నా పద్ధతి. స్త్రీల సమాజం కార్యదర్శి ప్రేమలత నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అక్కా, ఏంది నీ మొహం గట్ల వెలుగుతాంది? మేమేమో వాడిపోయినం. నీ జాకెట్లు గూడ వదులైనయి. ఉపవాసమంటె నీదక్కా."

"అంతా ప్రభువు కృప" అన్నాను. అబద్ధం కాదు కదా. రాత్రి అన్నం తిన్న వెంటనే నిద్ర ముంచుకొస్తోంది, పొద్దున్నే ఒళ్లు తేలిగ్గా లేస్తోంది, మెట్లెక్కితే ఆయాసం లేదు. ఇదంతా కృప కాక మరేమిటి?

వచ్చే శుక్రవారం నేను సాక్ష్యం చెప్పాలట. మా ఆయన ఇప్పటినుంచే మంచి చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.

మార్చి 9, సోమవారం

దొరికింది!

ఇడ్లీలు. నెయ్యి లేదు, చట్నీ లేదు, కారప్పొడి లేదు. బెల్లం ముక్క ఒకటి. తిని రెండు గంటలు ఆగాలి. ఆగినంతసేపు పెద్దగా కూర్చోకుండా, అలా అలా తిరుగుతూ ఉండాలి. తర్వాత ఉరికితే కడుపు ఉందా లేదా అన్నట్టు ఉంది. ఇవాళ నేను ఖిలా గోడ వెంట రెండు రౌండ్లు ఆగకుండా ఉరికాను. రాతి ఏనుగులు, విరిగిన స్తంభాలు, టికెట్టు కిటికీ, మేకల మంద, అన్నీ నా పక్కనుంచి వెనక్కి పోతుంటే నవ్వొచ్చింది. ఒక్కదాన్నే ఉరుకుతూ నవ్వుకుంటున్నాను. చూసినవాళ్లు ఏమనుకున్నారో.

ముందురోజు సాయంత్రం పప్పన్నం మాత్రమే. చింతపులుసు వద్దు, మటన్ అసలే వద్దు. ఇదీ తేలింది. అయితే నిన్న ఆదివారం మటన్ వండి నేను ముట్టకపోతే మా ఆయన ఇంకా పొంగిపోయాడు, ఇంత నిష్ఠ ఎవరికుంటుంది అని.

ఇంత సంతోషంగా ఉంది, ఎవరికీ చెప్పుకోలేను. అందుకే ఇక్కడ రెండుసార్లు రాస్తున్నాను. దొరికింది, దొరికింది.

మార్చి 10, మంగళవారం

ఈరోజు పరీక్షించవలసింది ఏమీ లేదు. అయినా పోయాను. తేలినదాన్ని మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి కదా.

మార్చి 11, బుధవారం

మళ్లీ సరిచూశాను.

మార్చి 13, శుక్రవారం

సాక్ష్యం చెప్పాను. ఒక్క అబద్ధం ఆడలేదు. "ఈ శ్రమకాలంలో దేవుడు నాకు ఎన్నడూ లేని బలమిచ్చిండు, రెక్కలొచ్చినట్టున్నది" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. వెనుక వరసలో ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చున్నాడు.

అంతా బాగానే జరిగింది. అయినా ఇంటికొచ్చి బైబిలు సంచిలోంచి ఇడ్లీ డబ్బా తీసి పై అరలో పెట్టాను.

మార్చి 14, శనివారం

హాల్‌టికెట్ వచ్చింది. ఇరవై ఏడు, శుక్రవారం, తెల్లవారి ఐదింటికి గ్రౌండు దగ్గర ఉండాలి. మౌనిక ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

అయితే ఒక చిక్కు. ఐదింటికి రమ్మంటారు, ఉరకమనేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. కాగితాలు చూడాలి, ఎత్తు కొలవాలి, బ్యాచులు కట్టాలి. పోయినసారి ఎండెక్కింది. ఇడ్లీ తిన్న రెండు గంటలకు అంటే, ఏ రెండు గంటలు? ఇన్నాళ్లు నేను కడుపును కొలిచానుగాని లైనును కొలవలేదు.

మార్చి 17, మంగళవారం

కొలిచాను. తెల్లవారకముందే ఇడ్లీ తిని, ఎండెక్కేదాకా ఖిలాలో నిలబడి, అప్పుడు ఉరికాను. నడుమ ఆకలి మొదలైనప్పుడల్లా ఒక ఖర్జూరం, రెండు గుక్కల నీళ్లు. అంతకుమించి వద్దు. రంజాను బండి మీద మంచివి ఏరి తెచ్చాను. ఎప్పుడు ఉరకమన్నా ఉరకొచ్చు, కడుపు సిద్ధంగానే ఉంటుంది. జేబులో పడతాయి, చేతికి అంటవు.

ఇంటికి పోయేసరికి మా ఆయన దుకాణం తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మోషే దిగిండా?" అన్నాడు.

మార్చి 18, బుధవారం

నిన్న రాత్రి మౌనికకు అంతా చెప్పాను. ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఎంత ఆగాలి, ఖర్జూరం ఎప్పుడు.

"గింత ఖరారుగ ఎవరు చెప్పిండ్రమ్మా?"

"యూట్యూబ్‌ల చూసిన."

ఇవాళ అట్లాగే చేసి ఉరికింది. వచ్చి చెప్పులు విప్పకముందే నన్ను గట్టిగా పట్టుకుంది. "అమ్మా, ఆఖరి మలుపుల గూడ దమ్మున్నదే నాకు. సార్ గడియారం రెండుసార్లు చూసిండు." దాని చెమట నా చీరకంతా అంటింది. నాకు గంతులేయాలనిపించింది. వేయలేదు. ఉపవాసంలో ఉన్నదాన్ని కదా.

మార్చి 19, గురువారం

అంతా పాడైంది.

సింధు వాళ్ల చుట్టాలు ఖిలా అవతల ఉర్సు దిక్కు ఉంటారట. మొన్న పొద్దున సింధు అటునుంచి ఖిలా మీదుగా వచ్చిందట. కోచింగులో అందరి ముందూ మౌనికతో అన్నదట, "మీ అమ్మ ఖిలాల ఖర్జూరాలు తినుకుంట మస్తు ఉరుకుతాందే, మనకన్న నయం" అని. పిల్ల మెచ్చుకోలుగానే అంది. దానికేం తెలుసు?

మౌనిక ఇంటికి వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"నువ్వు ఉపవాసం లేవా?"

నేను ఉప్పు చూసే సంగతి ఎత్తుకున్నాను. అది విననే లేదు.

"చర్చిల నిలబడి సాక్ష్యం చెప్పినవు గదమ్మా. నా కోసమే గద ఇదంత? దేవుని ముంగట నా పేరు మీద అబద్ధమాడినవు. రేపు నేను గ్రౌండుల నిలబడి ప్రార్థన ఎట్ల చేసుకోవాలె? ఆఖరి మలుపుల నాకు గదే యాదికొస్తది. నేను ఉరుకను. హాల్‌టికెట్ చింపేస్త."

చింపదని తెలుసు. కాని దాని కళ్లు చూశాక, చింపకపోయినా లాభం లేదని కూడా తెలిసింది. కడుపు తేలికైతే చాలనుకున్నాను. దాని మనసు మీద ఇంత బండ నేనే పెట్టాను. మధ్యాహ్నమంతా ఏడ్చాను. నాకోసం కొంత, దానికోసం ఎక్కువ.

మార్చి 20, శుక్రవారం

చెప్పేశాను.

పాటలు అయిపోగానే లేచి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. "పోయిన శుక్రవారం నేను చెప్పిన సాక్ష్యం సగమే. మిగత సగం ఇప్పుడు చెప్త" అన్నాను. బ్రెడ్డు దగ్గర మొదలుపెట్టి ఖర్జూరం దాకా అంతా చెప్పాను. జీడిపప్పు సంగతి కూడా దాచలేదు. "నన్ను చూసి ఉపవాసం పట్టినోళ్లెవరన్న ఉంటె నన్ను క్షమించుండ్రి. బిడ్డకు ఇది తెల్వదు. దాని మీద ఏం లేదు, అంత నా మీదనే" అని కూర్చున్నాను.

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. మౌనిక తలొంచుకుని కూర్చుంది. మా ఆయన వైపు నేను చూడలేదు.

అప్పుడు ప్రేమలత గొంతు సవరించుకుంది. ఇక నా పేరు సమాజంలోంచి తీసేస్తుందనుకున్నాను.

"అక్కా" అంది, "మరి ఇడ్లీ తిన్నంక ఎంతసేపటికి ఉరకాలంటివి? మా పోరనిది ఇరవై ఐదు నాడున్నది."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చర్చి మొత్తం నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి, అంతలోనే నవ్వకూడదని గుర్తొచ్చినట్టు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ ప్రార్థనలో రూతు పేరు వచ్చింది, మౌనిక పేరు వచ్చింది, పరుగు కూడా వచ్చింది. ఉపవాసం మాట ఆయన ఎత్తలేదు.

బయటికి వచ్చాక మౌనిక నా బైబిలు సంచి తన భుజాన వేసుకుంది. నాకు అంతే చాలు.

మా ఆయన మాత్రం మట్టెవాడ చౌరస్తా దాకా మాకంటే పది అడుగులు ముందే నడిచాడు. అక్కడ ఆగి, "అందరికి నేనే చెప్పుకున్న గద రూతూ" అన్నాడు.

మార్చి 21, శనివారం

మా ఆయన మాట్లాడలేదు.

మార్చి 22, ఆదివారం

మాట్లాడలేదు. ప్రేమలత మాత్రం మూడుసార్లు ఫోను చేసింది. బెల్లం ఎంత, ఖర్జూరం ఎప్పుడు, వాళ్ల పిల్లవాడికి ఇడ్లీ పడదు, దోశె నడుస్తుందా. నా కడుపు దోశె సంగతి చెప్పలేదు అన్నాను. రేపు నువ్వే తిని ఉరికి చూడు అన్నాను. చూస్తుందట.

మార్చి 23, సోమవారం

పొద్దున బూట్లు వేసుకుంటుంటే వెనుకనుంచి మా ఆయన. "పప్పు నానబెట్టినవా? గురువారం రాత్రికి పిండి ఉండాలె, యాది మరువకు. బిడ్డకు మెత్తగ ఉండాలె ఇడ్లీ."

నానబెట్టేది సోమవారం కాదు, బుధవారం అని చెప్పబోయి ఊరుకున్నాను. మూడు రోజులకు మాట్లాడాడు, తప్పుపట్టడం ఎందుకు.

మార్చి 25, బుధవారం

ప్రేమలత కొడుకు పాసయ్యాడు. వాళ్లు ఫోను చేస్తే ఇక్కడ నేను ఎగిరాను. మౌనిక నవ్వింది, అంతలోనే గోళ్లు కొరుక్కోవడం మొదలుపెట్టింది.

మార్చి 26, గురువారం

పప్పన్నం పెట్టి పెందలాడే పడుకోబెట్టాను. ఇడ్లీ పాత్ర కడిగిపెట్టాను. మళ్లీ కడిగాను.

మార్చి 27, శుక్రవారం

వరసగా రాయాలి, లేకపోతే సంతోషంలో కలిసిపోతాయి.

తెల్లవారకముందే మౌనికకు ఇడ్లీలు, బెల్లం పెట్టాను. మా ఆయన కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని అది నమిలే ప్రతి ముద్దా చూశాడు. "గట్ల చూస్తె మింగుడు పడ్తలేదు నాన్నా" అంటే మొహం గోడకు తిప్పి కూర్చున్నాడు. ముగ్గురం ఆటోలో పోయాం. గేటు దగ్గర ఖర్జూరాలు జేబులో వేశాను. లోపలికి మమ్మల్ని రానివ్వరు, ఫోను కూడా లోపలికి పోదు.

గోడ బయట మాలాంటి వాళ్లు వందలమంది. లోపలినుంచి ఈల వినబడుతుంది, తర్వాత కాళ్ల చప్పుడు, కేకలు. ఎవరి బ్యాచో తెలియదు. ఈల మోగినప్పుడల్లా నా కాళ్లు వాటంతట అవే కదిలాయి. మా ఆయన మొదట్లో నిలబడ్డాడు, తర్వాత నా కొంగు పట్టుకుని నిలబడ్డాడు, ఆయనకే తెలియకుండా. ఎండెక్కింది. బజ్జీల బండి వచ్చింది, అందరూ కొనుక్కు తిన్నారు. ఆయన చాయ్ తాగుతావా అంటే చెయ్యి ఊపాను. ఈల మోగుతోంది కదా, చాయ్ ఎట్లా తాగుతారు?

పిల్లలు ఒక్కొక్కరే బయటికి రావడం మొదలైంది. కొందరు ఏడుస్తూ. ఒక పిల్ల వాళ్లమ్మ మీద వాలిపోతే నేను అటు చూడలేక రోడ్డు వైపు తిరిగాను.

అప్పుడు వెనుకనుంచి, "అమ్మా, ఆకలైతాంది. ఏమన్న ఉన్నదా?"

మౌనిక. మోచేతుల నిండా ఇసుక. షాట్ పుట్ దాకా అన్నీ అయిపోయాయి, అన్నీ పాస్. ఆఖరి మలుపులో ఏం యాదికొచ్చింది అని అడిగాను. "నువ్వు జీడిపప్పు ఉప్మా తిని ఉరికింది యాదికొచ్చింది. నవ్వొచ్చింది. నవ్వుకుంటనే ముగ్గురిని దాటిన" అంది. నేను గేటు ముందే, పోలీసుల ముందే, గంతులేశాను. మా ఆయన బజ్జీల బండి దగ్గరకు పోయి బండి మీద ఉన్నవన్నీ కట్టమన్నాడు. మౌనిక తింటూనే ఉంది, నేను దాన్ని చూస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. యాకమ్మ "నా గట్క తాగి ఉంటె ఇంక ముందుగాల్నే వస్తుండె" అంది. వచ్చినవాళ్లకు చాయ్‌లు పోశాను, లడ్డూలు పంచాను, మళ్లీ చాయ్‌లు పోశాను. అట్లా పొద్దుగూకింది, ఉపవాస ప్రార్థన వేళయింది. పరుగున పోయాం. అయ్యగారు మౌనికను లేపి నిలబెట్టారు, చప్పట్లు మోగాయి.

ప్రార్థన అయ్యాక ఉపవాసం ఉన్నవాళ్లకు పులిహోర. ప్రేమలత గరిట నా చేతికిచ్చింది. "అక్కా, నువ్వు ఎట్లాగు తిన్నదానివే గద. మేం ఆకలితోని చస్తానం. జర వడ్డించు" అని అందరూ వినేటట్టు అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మా ఆయన కూడా నవ్వాడు. విస్తరి వెంట విస్తరి వడ్డిస్తూ పోయాను. ఆఖరి ముసలమ్మకు వేస్తున్నప్పుడు చింతపండు వాసనకు నా కడుపు అంత పెద్ద చప్పుడు చేసింది. ఆవిడ తలెత్తి చూసింది.

గరిట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇడ్లీ పాత్ర దించి మౌనికకు పెట్టాను, నేను తినలేదు. గోడ దగ్గర చాయ్ తాగలేదు. బజ్జీ ముట్టలేదు. ఇంట్లో లడ్డూ పంచాను, నోట్లో వేసుకోలేదు. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగినట్టు గుర్తులేదు. ఖిలాకు పోవడం మొదలుపెట్టినాక నేను అసలైన ఉపవాసం ఉన్నది ఈ ఒక్కరోజే, అదీ ఉపవాసం అన్న సంగతే మరిచిపోయి.

"ఏందక్కా, గట్ల నిలబడ్డవు?" అంది ప్రేమలత.

"ఏం లేదు" అన్నాను. ఒక విస్తరి వేసుకుని వాళ్ల పక్కనే కూర్చుని తిన్నాను. ఎవరికీ చెప్పలేదు.